కేజీకి ఎన్ని రొయ్యలు: సి భాషలో ఒక చిన్న పనిముట్టు

నెల్లూరు తీరంలో రొయ్యల ధర అడిగితే ఎవరూ ఒక్క అంకెతో జవాబు చెప్పరు. ముందు కౌంట్ ఎంతో చెప్పమంటారు. కౌంట్ అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. ముప్పై కౌంట్ అంటే కేజీకి ముప్పై, వంద కౌంట్ అంటే కేజీకి వంద. అంకె చిన్నదయ్యే కొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు గుంటల గట్ల మీద "ఏందబ్బయా, కౌంటెంత?" అని అడిగితే పంట ఎంతవరకు వచ్చింది, ఎప్పుడు పట్టొచ్చు, చేతికి ఎంతొస్తుంది అన్న మూడూ కలిపి అడిగినట్టే.

ఈ తీరానికి రొయ్యలతో మూడు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. 1990ల మొదట్లో కండలేరు చుట్టుపక్కల టైగర్ రొయ్య బంగారంలా పండింది. 1994లో తెల్లమచ్చ రోగం వచ్చి గుంటలకు గుంటలు ఖాళీ చేసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద పెద్ద తీర్పు ఇచ్చింది. 2009లో వెనామీ రొయ్యకు కేంద్రం అనుమతి దొరికాక గుంటల్లో మళ్లీ నీళ్లు నిలిచాయి. రొయ్య జాతి మారింది, ఏరియేటర్లు పెరిగాయి. కౌంట్ మాత్రం అలాగే ఉంది.

ఆ కౌంట్‌ను లెక్కగట్టే చిన్న ప్రోగ్రాంను సి భాషలో ఎలా రాయాలో ఇక్కడ చూద్దాం. బొమ్మలు, బటన్లు ఉండవు. నల్ల తెరమీద పేరు కొట్టి ఎంటర్ నొక్కితే పనిచేసి బయటికి వచ్చేసే రకం. దీన్నే కమాండ్ లైన్ ప్రోగ్రాం అంటారు. లెక్క ఒకే ఒక్క లైనులో అయిపోతుంది. మిగతా ప్రోగ్రాం అంతా మనుషులు అంకెల్ని ఎన్ని విధాలుగా రాస్తారో వాటిని తట్టుకోవడానికే రాస్తాం.

గుంట దగ్గర జరిగేది ఇది. వారానికోసారి విసురు వల వేస్తారు. పడ్డ రొయ్యల్ని తూచి, లెక్కబెట్టి, రెండు అంకెలు నోటు పుస్తకంలో రాసుకుంటారు. ఒక వలలో 34 రొయ్యలు పడ్డాయి, మొత్తం 812 గ్రాములు అనుకుందాం. సగటు బరువు 812ను 34తో భాగిస్తే వస్తుంది. వెయ్యిని ఆ సగటుతో భాగిస్తే కౌంట్. కాలిక్యులేటర్ మీద 41.87 వస్తుంది. అంటే దాదాపు 42 కౌంట్.

ఇదే లెక్కను సి భాషలో ఉన్నదున్నట్టు రాస్తే 43 వస్తుంది.

కారణం ఇదీ. సి భాషలో పూర్ణాంకాలు దాచుకునే రకాన్ని ఇంట్ అంటారు. ఒక ఇంట్‌ను ఇంకో ఇంట్‌తో భాగిస్తే దశాంశాన్ని అది గుండ్రం చెయ్యదు, పారేస్తుంది. 812ను 34తో భాగిస్తే 23.88 రావాలి, దాని దగ్గర మిగిలేది 23. వెయ్యిని 23తో భాగిస్తే 43.47, మళ్లీ కోత పడి 43. సరే, వరస మార్చి ముందు వెయ్యిని 34తో గుణించి, తర్వాత 812తో భాగిద్దాం అంటే 41 వస్తుంది. అదే వల, అవే రొయ్యలు. ఒక వరసలో రాస్తే రైతు నష్టపోతాడు, ఇంకో వరసలో రాస్తే కొనేవాడు నష్టపోతాడు. మనం రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్ రెండింటినీ ఒక్క మాట అనకుండా ఒప్పుకుంటుంది. ఎందుకంటే భాష నియమాల ప్రకారం రెండూ సరైన ప్రోగ్రాంలే.

విరుగుడు తేలికే. బరువును డబుల్ అనే రకంలో పెట్టుకోవాలి. డబుల్ దశాంశాలు దాచుకుంటుంది. లెక్కలో ఒక వైపు డబుల్ ఉంటే చాలు, రెండో వైపు ఇంట్ ఉన్నా లెక్కంతా దశాంశాల్లోనే జరుగుతుంది. ఫలితాన్ని అచ్చు వేసేటప్పుడు ప్రింట్‌ఎఫ్ అనే ఫంక్షన్‌కు దశాంశం తర్వాత ఎన్ని అంకెలు కావాలో చెప్పొచ్చు. నన్నడిగితే ఒక అంకె ఉంచడం మంచిది. అసలు దశాంశమే వద్దంటే ప్రింట్‌ఎఫ్ మామూలుగా 42.5ను 42 అనీ, 43.5ను 44 అనీ వేస్తుంది. సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు మొగ్గడం దాని పద్ధతి. ధర మారే గీత దగ్గర ఆ నిర్ణయం కంప్యూటర్‌ది కాకూడదు. 42.5 అని చూపించి ఊరుకుంటే మిగతాది గట్టుమీద బేరంలో తేలుతుంది.

ఇప్పుడు ప్రోగ్రాం ఆకారం సంగతి. దానికి అంకెలు ఎలా అందించాలి? చాలామంది కొత్తవాళ్లు "బరువు ఎంత?" అని తెరమీద అడిగి, "ఎన్ని రొయ్యలు?" అని మళ్లీ అడిగే ప్రోగ్రాం రాస్తారు. ఒక్క వలకైతే పర్వాలేదు. పన్నెండు గుంటలున్న చోట, ఒక్కో గుంటలో నాలుగేసి వలలు వేస్తే, అడిగినదల్లా చెప్పలేక మనిషి విసిగిపోతాడు. పైగా మధ్యలో ఒక్క అంకె తప్పు కొడితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

దీనికి యాభై ఏళ్ల కింద బెల్ ల్యాబ్స్‌లో వేసిన దారి ఒకటుంది. డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో సి భాషను తీర్చిదిద్దాడు. కెన్ థాంప్సన్, రిచీ కట్టిన యూనిక్స్‌లో ప్రతి ప్రోగ్రాంకూ పుట్టుకతోనే మూడు దారులు తెరిచి ఉంటాయి. ఒకటి లోపలికి, రెండు బయటికి. లోపలికి వచ్చేది స్టాండర్డ్ ఇన్‌పుట్. ఫలితాలు వెళ్లేది స్టాండర్డ్ అవుట్‌పుట్. తప్పులు, హెచ్చరికలు వెళ్లేది స్టాండర్డ్ ఎర్రర్. ఆ లోపలి దారికి కీబోర్డును కలుపుతామా, ఫైలునా, ఇంకో ప్రోగ్రాం ఫలితాన్నా అన్నది ప్రోగ్రాంకు తెలియనక్కర్లేదు. 1973లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టి పైపు అనే గుర్తును యూనిక్స్‌లో పెట్టించాడు. ఒక ప్రోగ్రాం కక్కేది ఇంకోటి మింగేలా కలిపే నిలువు గీత అది.

కాబట్టి మన ప్రోగ్రాం ఏమీ అడగదు. నోటు పుస్తకాన్ని ఒక ఫైలులో ఉన్నదున్నట్టు కొట్టుకోవాలి, లైనుకు ఒక వల చొప్పున. ఫైలుకు నమూనాలు అని పేరు పెట్టుకుందాం. యూనిక్స్ దారిలో వచ్చిన లినక్స్‌లో ఫైలు పేరు తెలుగులోనే ఉండొచ్చు, ప్రోగ్రాం పేరు కూడా. వాడడం ఇలా, మధ్యలో ఉన్న గుర్తు ఫైలును లోపలి దారికి కలుపుతుంది:

./కౌంట్ < నమూనాలు

ఈ ఫైలులో లైను ఎలా ఉండాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఇక్కడే ఎక్కువసేపు ఆలోచించాలి. పుస్తకంలో ఎవరైనా ముందు గుంట పేరు రాస్తారు, తర్వాత బరువు, తర్వాత సంఖ్య. "తూర్పు 812 34". ప్రోగ్రాంలో పేరు కోసం 16 బైట్ల చోటు కేటాయించామనుకోండి. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో ఇలాంటి చోటు ధారాళంగా సరిపోతుంది. అక్కడ అక్షరానికి ఒక బైటు. తెలుగుకు అలా కుదరదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు లిపిలోని ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. 1992లో కెన్ థాంప్సనే రాబ్ పైక్‌తో కలిసి హోటల్లో పళ్లెం కింద వేసే కాగితం మీద గీసిన పద్ధతి అది. "తూర్పు" అన్నది కంటికి రెండక్షరాలే. కానీ కంప్యూటర్ దాచుకునేది ఆరు గుర్తులు: త, ఊకారం, ర, పొల్లు, ప, ఉకారం. అంటే 18 బైట్లు. చివర మాట అయిపోయిందని చెప్పే సున్నా ఒకటి. మొత్తం 19.

పదహారు బైట్ల చోట్లో 19 బైట్లు పోస్తే సి భాష ఆపదు. మిగిలిన మూడు బైట్లు పక్కన ఏముంటే దాని మీద పడతాయి. అది బరువు దాచుకున్న చోటు కావచ్చు. అప్పుడు 812 ఇంకేదో అంకె అయిపోతుంది. ఫలితం మాత్రం దర్జాగా తెరమీదికి వస్తుంది. ఇది మరీ ఊహించి భయపెట్టడం కాదు. 1988 నవంబరు 2న అమెరికాలో మోరిస్ వర్మ్ అనే, తనంతట తానే పాకే ప్రోగ్రాం వేలాది కంప్యూటర్లను పట్టుకున్న దారుల్లో ఒకటి ఇదే. లైను ఎంత పొడవున్నా చూడకుండా చదివే గెట్స్ అనే ఫంక్షన్‌ను ఒక ప్రోగ్రాంలో వాడారు, అక్కడి నుంచి దూరింది. ఆ గెట్స్‌ను చివరికి 2011 నాటి సి ప్రమాణం నుంచి తీసేశారు. పోనీ, పదిహేను బైట్లకు మించి చదవొద్దని కట్టడి పెడదామా? 15ను మూడుతో భాగిస్తే అయిదు. అయిదు గుర్తులు చదివి, చివరి ఉకారం వదిలేస్తుంది. "తూర్పు" కాస్తా "తూర్ప" అవుతుంది. మిగిలిన ఉకారాన్ని తర్వాత రావాల్సిన అంకె అనుకుని చదవబోయి బోర్లా పడుతుంది.

పేరులో ఖాళీ ఉంటే ఇంకో తంటా. "తూర్పు గుంట" అని రాస్తే మామూలుగా చదివే పద్ధతి ఖాళీ దగ్గర ఆగిపోయి, "గుంట"ను బరువు అనుకుంటుంది. అచ్చు వేసేటప్పుడు మూడో తంటా. పేర్లకు ఇరవై గళ్లు వదిలి, అంకెలు ఒకే వరసలో రావాలని ప్రింట్‌ఎఫ్‌కు చెబితే, అది గళ్లను బైట్లలో కొలుస్తుంది. "తూర్పు" 18 బైట్లు కాబట్టి రెండు ఖాళీలే పెడుతుంది. "పడమర" 12 బైట్లు, దానికి ఎనిమిది ఖాళీలు. కంటికి పొడుగ్గా కనిపించే మాటకే ఎక్కువ ఖాళీ పడి, వరస పూర్తిగా చెదురుతుంది.

ఈ మూడింటికీ వేర్వేరుగా మందు వెయ్యొచ్చు. ఒక్క నిర్ణయంతో మూడూ పోయే దారి కూడా ఉంది. పేరును లైను చివరికి పంపడం:

812 34 తూర్పు గుంట
640 32 తూర్పు గుంట
590 31 పడమర గుంట

ముందు రెండు అంకెలు చదివాక మిగిలినదంతా పేరే. అందులో ఎన్ని ఖాళీలున్నా ఇబ్బంది లేదు. పేరుకు వేరే చిన్న చోటు కేటాయించే పని లేదు, లైనంతటికీ పెట్టిన చోట్లోనే అది ఉంటుంది. అచ్చులో కూడా పేరు చివర్లోనే వస్తే అంకెలు తిన్నగా నిలబడతాయి. వారం పాటు కోడ్‌తో కుస్తీ పట్టే బదులు నోటు పుస్తకంలో గళ్ల వరస మార్చుకోవడం చవక అని నా అభిప్రాయం. గుమాస్తా మొదటి రెండ్రోజులు గొణుగుతాడు, మూడోనాటికి అలవాటు పడతాడు.

ఇక చదివే తీరు. ఎఫ్‌గెట్స్ అనే ఫంక్షన్ ఒక్కో లైను తెస్తుంది. మన దగ్గర ఎంత చోటుందో దానికి ముందే చెప్పాలి, అంతకు మించి అది చదవదు. 256 బైట్లు ఇస్తే ఈ పనికి సరిపోతుంది. వచ్చిన లైనులోంచి ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో ఒక డబుల్, ఒక ఇంట్ తీసుకుంటాం. ఫైలు నుంచి నేరుగా అంకెలు లాగే ఎఫ్‌స్కాన్‌ఎఫ్ కూడా ఉంది గానీ, తప్పు అక్షరం తగిలితే అది అక్కడే నిలబడిపోతుంది. చూసుకోకుండా రాసిన ప్రోగ్రాం ఆ అక్షరం దగ్గరే తెల్లవార్లూ తిరుగుతుంది. లైను చొప్పున తెచ్చుకుంటే ఒక లైను చెడినా తర్వాతిది బాగుంటుంది. పైగా ఎన్నో లైనులో తప్పుందో చెప్పగలం.

ఎస్‌స్కాన్‌ఎఫ్ ఎన్ని అంకెలు దొరికాయో తిరిగి చెబుతుంది. మనకు రెండు రావాలి. ఎవరో బరువును "1,250" అని కామా పెట్టి రాశారనుకోండి. అది 1 దగ్గర ఆగిపోతుంది, కామా చూసి రెండో అంకె దొరకలేదంటుంది. జవాబు ఒకటి. మనం ఆ జవాబు చూడకపోతే 1250 గ్రాములు ఒక గ్రాము అయిపోతుంది. "812గ్రా" అని రాసినా ఇదే కథ. "34.5" అని రొయ్యల సంఖ్య రాస్తే ఇంకో మోసం: 34 చదివి, ".5 తూర్పు గుంట" అన్నదాన్ని పేరనుకుంటుంది, జవాబు మాత్రం రెండే చెబుతుంది. అందుకే సంఖ్య తర్వాత వచ్చే గుర్తు ఖాళీయేనా అని కూడా చూడాలి.

రొయ్యల సంఖ్య సున్నా అయితే? వల ఖాళీగా వచ్చిందని నిజాయితీగా సున్నా రాసేవాళ్లుంటారు. పూర్ణాంకాల్లో సున్నాతో భాగిస్తే మామూలు కంప్యూటర్లలో ప్రోగ్రాం అక్కడికక్కడే చచ్చిపోతుంది. డబుల్‌లో అయితే చావదు, అనంతమో, అసలు అంకే కాని విలువో పుట్టించి ముందుకు సాగుతుంది. ఈ రెండోదే ప్రమాదం. బరువు, సంఖ్య రెండూ సున్నా కంటే ఎక్కువ ఉన్నాయో లేదో లెక్కకు ముందే చూసుకోవాలి.

అంకెలు సరిగ్గా ఉండి అర్థం తప్పే సందర్భాలూ ఉంటాయి. గ్రాముల బదులు కేజీల్లో 0.812 అని రాస్తే కౌంట్ 41,872 వస్తుంది. బరువు, సంఖ్య తారుమారైనా ఇలాగే ఆకాశానికి పోతుంది. కేజీకి వెయ్యి అంటే రొయ్య ఒక్క గ్రాము. అంతకంటే చిన్నదాన్ని వల వేసి తూచేవాళ్లు ఉండరు. కేజీకి పది అంటే ఒక్కోటి వంద గ్రాములు, గుంటల్లో వెనామీకి అంత ఒళ్లు రాదు. కాబట్టి పదికీ వెయ్యికీ మధ్య లేని కౌంట్‌ను ఒప్పుకోకూడదు. "బహుశా కేజీల్లో రాశారేమో" అని వెయ్యితో గుణించి సర్దుకునే తెలివి ప్రోగ్రాంకు నేర్పొచ్చు, కానీ నేర్పకూడదు. లైను నంబరు చెప్పి, ఆ లైను వదిలేసి, చివర్లో తప్పు జరిగిందని సంకేతం ఇచ్చి బయటికి రావడం మేలు. మెయిన్ అనే ఫంక్షన్ తిరిగిచ్చే అంకె ఆ సంకేతం. సున్నా అంటే అంతా క్షేమం, ఒకటి అంటే ఎక్కడో తేడా. ఈ హెచ్చరికలు స్టాండర్డ్ ఎర్రర్ దారిన వెళ్లాలి. లేకపోతే ఫలితాల్ని ఫైలులోకి మళ్లించినప్పుడు తిట్లు కూడా అందులోకే చేరతాయి, తెర మాత్రం ప్రశాంతంగా కనిపిస్తుంది.

ఒక గుంటలో రెండు మూడు వలలు వేసినప్పుడు కౌంట్ ఎలా కట్టాలి? తూర్పు గుంటలో మొదటి వల కౌంట్ 41.87, రెండోది 50. రెండూ కలిపి సగం చేస్తే 45.94. కానీ మొత్తం రొయ్యలు 66, మొత్తం బరువు 1,452 గ్రాములు. సగటు సరిగ్గా 22 గ్రాములు, కౌంట్ 45.45. సరైనది ఇదే. ముందు బరువులు, సంఖ్యలు కూడుకుని, చివర్లో ఒక్కసారే భాగించాలి. కౌంట్లకు సగటు కట్టడం గట్ల మీద కూడా కనిపించే పొరపాటే.

అలా కూడాలంటే ఒకే గుంట లైన్లు ఫైలులో ఎక్కడెక్కడో ఉన్నా పట్టుకోవాలి. పేర్ల పట్టిక కట్టి వెతకడం ఒక దారి. యూనిక్స్ వాళ్లు ఇంకో దారి చూపించారు. వరస పెట్టే పనికి సార్ట్ అనే ప్రోగ్రాం ముందే ఉంది. మూడో ముక్క నుంచి సార్ట్ చెయ్యమని దానికి చెప్పి, ఫలితాన్ని పైపులో మన ప్రోగ్రాంకు పంపితే ఒకే పేరున్న లైన్లు పక్కపక్కనే వస్తాయి. మనం ముందరి పేరు ఒక్కటి గుర్తుపెట్టుకుని, పేరు మారినప్పుడల్లా లెక్క తేల్చి అచ్చు వేస్తే చాలు. చివరి గుంటకు మాత్రం పేరు మారడమంటూ ఉండదు కాబట్టి లైన్లన్నీ అయిపోయాక ఇంకోసారి అచ్చు వెయ్యాలి. ఇది మర్చిపోయినవాళ్లకు ఎప్పుడూ ఆఖరి గుంటే కనబడదు.

45.5 22.0 తూర్పు గుంట
52.5 19.0 పడమర గుంట

పేర్లు ఒకటేనా కాదా అన్నది ఎస్‌టీఆర్‌కంప్ అనే ఫంక్షన్ చూస్తుంది. అది బైటుకు బైటు పోలుస్తుంది తప్ప కంటితో చూడదు. తెలుగు కీబోర్డులు కొన్ని మాటల్లో ఒత్తు పడకుండా ఆపడానికి కంటికి కనిపించని గుర్తు ఒకటి చొప్పిస్తాయి. "నార్త్‌గుంట" అని ఒకరు ఆ గుర్తుతో, ఇంకొకరు అది లేకుండా కొడితే ప్రోగ్రాంకు అవి రెండు గుంటలు. పాత విండోస్ నోట్‌ప్యాడ్ అయితే ఫైలు మొదట్లోనే 239, 187, 191 అనే మూడు బైట్లు పెట్టి పంపేది. వాటి వల్ల మొదటి లైనులో అంకె దొరకదు. లైను చివర కూడా విండోస్ ఒక అదనపు గుర్తు వదులుతుంది. మొదటి మూడు బైట్లను దాటెయ్యడం, చివరి ఖాళీల్ని, గుర్తుల్ని చెక్కెయ్యడం నాలుగైదు లైన్ల పని.

ఇదంతా కలిపినా అరవై, డెబ్భై లైన్లు దాటదు. జీసీసీ కంపైలర్‌కు హెచ్చరికలన్నీ చూపించమని చెప్పి కంపైల్ చెయ్యాలి, ఒక్క హెచ్చరిక కూడా మిగలకూడదు. ఇదే పని ఆక్ అనే భాషలో చాలా తక్కువ లైన్లలో అవుతుంది, స్ప్రెడ్‌షీట్‌లో ఇంకా తేలిక. అవి వాడుకుంటే తప్పేం లేదు. సి భాషలో రాస్తే మాత్రం పైన చెప్పిన గుంటలన్నీ మన కళ్లతో చూస్తాం.

కౌంట్ వచ్చాక అందరూ అడిగేది మేత. రోజుకు ఎంత మేత వెయ్యాలన్నది గుంటలో ఉన్న మొత్తం రొయ్యల బరువును బట్టి ఉంటుంది. దాన్ని ఇదే ప్రోగ్రాంలోకి కుక్కకుండా, కౌంట్ ఫలితాన్ని పైపులో అందుకునే ఇంకో ప్రోగ్రాం రాయడం మంచిది. దాని పేరు మేత అనుకుందాం. డబుల్ అంటే భయపడి, బరువుల్ని మిల్లీగ్రాముల్లో ఇంట్‌లుగా పెట్టుకుందామని ఎవరికైనా అనిపించొచ్చు. లక్ష పిల్ల వదిలిన గుంట, అన్నీ బతికాయనుకుందాం. రొయ్య 21 గ్రాములు ఉన్నప్పుడు మొత్తం 210 కోట్ల మిల్లీగ్రాములు. ఇంట్‌లో పట్టేది మామూలుగా 214,74,83,647 వరకు. అంతవరకు వారాల తరబడి లెక్కలన్నీ సరిగ్గా వస్తాయి. వచ్చే వారం రొయ్య 22 గ్రాములకు వస్తుంది. 220 కోట్లు ఆ చోట్లో పట్టవు. చాలా కంప్యూటర్ల మీద తెరమీద కనిపించేది మైనస్ 209,49,67,296. పట్టుబడికి దగ్గర పడ్డ గుంటలో రొయ్యల బరువు సున్నా కంటే తక్కువ.

ఇలాంటి పొరపాటు రాకెట్లనూ వదల్లేదు. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే ఈ తీరమంతా తలెత్తి చూస్తుంది. 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని కౌరూ నుంచి లేచిన మొదటి ఏరియన్-5 రాకెట్ నలభై సెకన్లయినా గడవకముందే ముక్కలైంది. అది సి భాషలో రాసింది కాదు, ఏడాలో రాశారు. జబ్బు మాత్రం ఇదే కుటుంబానిది. పాత ఏరియన్-4లో ఏళ్ల తరబడి సరిగ్గా నడిచిన కోడ్‌ను కొత్త రాకెట్‌లో వాడారు. కొత్తది ఎక్కువ వేగంతో పక్కకు సాగింది, ఆ అంకె 16 బిట్ల చోట్లో పట్టలేదు.

మేత ప్రోగ్రాంకు మందు ఒకే మాట: ఇంట్ తీసి లాంగ్ లాంగ్ పెట్టడం, లేదా డబుల్‌కే తిరిగి రావడం. 1999 ప్రమాణం నుంచి లాంగ్ లాంగ్‌కు కనీసం 64 బిట్ల చోటు ఖాయం. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, గుణకారం జరగకముందే కనీసం ఒక వైపు అంకె ఆ పెద్ద రకంలో ఉండాలి. రెండు ఇంట్‌లను గుణించి, ఫలితాన్ని పెద్ద చోట్లో పెడితే అప్పటికే అంకె చెడిపోయి ఉంటుంది. పరీక్షించేటప్పుడు ఇచ్చే నమూనాల్లో 21 గ్రాములది ఒకటి, 22 గ్రాములది ఒకటి, 40 గ్రాములది ఒకటి ఉండేలా చూసుకోవాలి.